యాడికీ వద్దంటే నాతోని పా

చిన్నమ్మా, ఎలా ఉన్నావు?

నేను, నీ ప్రభాని. నువ్వు వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. మూడో వానాకాలం నడుస్తోంది. సంతోష్‌నగర్‌లో మన గల్లీ ఈసారి కూడా చెరువైంది గానీ, నువ్వు మేస్త్రీతో లొల్లి పెట్టుకుని మరీ ఎత్తు చేయించిన గడప దాటి చుక్క నీరు లోపలికి రాలేదు. మీ అక్క, అదే మా అమ్మ, వాన పడ్డప్పుడల్లా ఆ గడప దగ్గర నిలబడి నీ పేరు తలుచుకుంటుంది.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని కోప్పడతావు. నీ కోపం నాకు తెలియనిదా? చేతులు ఆడలేదు చిన్నమ్మా. చేతులే కాదు... ఏదీ ఆడలేదు.

ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకు. ఇప్పుడు బాగానే ఉన్నాను. నువ్వు సర్కారు దవాఖానలో నర్సుగా, ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి ఏళ్ల తరబడి ఏ మందు సిరంజిలోకి ఎక్కించావో ఆ మందే నన్ను లేపింది. కెటమిన్. నమ్ముతావా? మత్తు కోసం కాదు. నా మనసు కోసం ఇచ్చారు.

మొదటి నుంచి చెబుతాను. తొందరపెట్టకు.

నిరుడు చలికాలంలో మొదలైంది. అప్పుడు ఇంట్లో చెడ్డదేమీ జరగలేదు, అదే విచిత్రం. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో నాకు ప్రమోషన్ వచ్చింది. నీ మనవరాలు లావణ్య కోరుకున్న కాలేజీలోనే చేరింది. నీ ముద్దుల కోడలు సుజాతకు మోకాళ్ల నొప్పి తగ్గింది. అన్నీ బాగున్న ఇంట్లో నేనొక్కడినే బాగాలేను. నీకోసం బెంగపెట్టుకున్నాననుకున్నారు కొందరు. బెంగ నాకు తెలుసు. నిన్ను తలుచుకుని ఏడిస్తే గుండె తేలికపడేది. ఇది అది కాదు. ఇందులో ఏడుపు కూడా రాదు.

లోహపు కడ్డీని రెండు కొసలా పట్టి లాగి, ఎంత బరువుకు తెగుతుందో చూసే మిషన్ ముందు నా కుర్చీ. ఒకసారి నిన్ను తీసుకెళ్లి చూపించాలని ఎంత సరదా పడ్డానో, లోపలికి ఎవరినీ రానివ్వరని తెలిసి ఎంత ఉడుక్కున్నావో! ఆ మిషన్ ముందే కూర్చునేవాణ్ని. కడ్డీ ఫట్‌మని తెగినా ఉలికిపడేవాణ్ని కాదు. ఇంటికొస్తే స్నానం చేయబుద్ధి కాదు. తింటే గడ్డి తిన్నట్టు. ఆదివారం చర్చిలో అందరూ లేచి పాడుతుంటే పెదవులు కదిపేవాణ్ని, అంతే.

తలో మాట చెప్పారు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. ఎదురింటి వాళ్లు దిష్టి అన్నారు. ఫ్యాక్టరీలో ఖాదర్ భాయ్ నన్ను పక్కకు తీసుకెళ్లి, ఏదైనా చిక్కులో ఉన్నావా అని అడిగి, ఏమీ లేదంటే నమ్మలేక చాయ్ తాగించి పంపాడు. అందరిదీ ప్రేమే చిన్నమ్మా. ఎవరినీ ఏమనను.

ఒకరోజు కూరలో గరిటె పెట్టి తిప్పుతున్న సుజాతతో అనేశాను... బతకాలని లేదని.

ఆమె అరవలేదు. నన్ను తిట్టలేదు. పొయ్యి ఆర్పింది, చెప్పులేసుకుంది, నన్ను ఆటో ఎక్కించింది. దారిలో నా చెయ్యి పట్టుకుని నీ మాట ఒక్కటే గుర్తు చేసింది. "పానం బాగ లేదన్నోనితోని బహస్ జెయ్యొద్దు. చెప్పులేస్కొని దవాఖానకు తోల్కపోవాలె." ఈ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు వద్దని మొరాయించినా నువ్వు అదే అనేదానివి. నీ కోడలు ఎంత బాగా పట్టుకుందో చూడు! నువ్వు లేకపోయినా ఆ రోజు నన్ను ఆటో ఎక్కించింది సగం నువ్వే.

మనసు డాక్టరమ్మ దగ్గర పెద్ద పేరే పెట్టారు దానికి. నాకు తెలిసిన మాటలో డిప్రెషన్. మాత్రలు ఇచ్చింది. వారాలు గడిచాయి. నిద్ర కాస్త పట్టింది గానీ మనిషి లేవలేదు. మాత్ర మార్చింది. మళ్లీ వారాలు... మళ్లీ అంతే. అప్పుడు చెప్పింది, కొందరికి మామూలు మందులు పనిచేయవని, అలాంటివాళ్లకు కెటమిన్ చిన్న మోతాదులో, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తామని, పక్కన మత్తు డాక్టరు ఉంటాడని.

ఆ పేరు వినగానే నాకు భయం పట్టుకుంది. ఎందుకో నీకు తెలుసు కదా?

చిన్నప్పుడు నువ్వు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే మా అందరికీ అదే రేడియో. కాలిన గాయాలకు కట్లు మార్చడానికి, విరిగిన చెయ్యి సరిచేయడానికి ఆ మందు ఇస్తారని నీ నోటే విన్నాను. "మస్తు మంచి మందు బిడ్డా. ఊపిరి ఆపది, బీపీ పడనియ్యది. పెద్ద పెద్ద మిషన్లు లేని కాడ గదే దిక్కు. గరీబోళ్ల మందు." కానీ తెలివిలోకి వచ్చేటప్పుడు దాని లొల్లి వేరనేదానివి. ఒకాయన గోడలు కరిగిపోతున్నాయని కేకలు పెట్టాడట. ఒకావిడ తనను తానే పైనుంచి చూస్తున్నానని ఏడ్చిందట. ఆ కథలు విని నేను దుప్పటి ముసుగేసుకునేవాణ్ని.

నువ్వు కొత్తగా థియేటర్‌లో చేరినప్పుడు ఒక మత్తు డాక్టరు చెప్పాడట, మనిషి ఏ ఆలోచనతో మునిగితే చాలావరకు ఆ ఆలోచనతోనే తేలతాడని. అందరూ విన్నారు. నువ్వు మాత్రం దాన్ని నౌకరీ ఉన్నన్నాళ్లూ పట్టుకున్నావు.

సూది మందు ఎక్కించే ముందు పేషెంటు చెవి దగ్గరికి వంగేదానివి. "యాడికి పోదాం చెప్పు." ఉర్దూ వాళ్లయితే, "కాఁ జానా బోలో మామూ." ఎవరు ఎక్కడికంటే అక్కడికి మాటలతో తీసుకెళ్లేదానివి. గాజుల దుకాణం ముసలాయన తన మిద్దె మీది పావురాల దగ్గరికి పోదామన్నాడట. నువ్వు జన్మలో పావురాన్ని పట్టుకుని ఎరుగవు. అయినా గింజలు చల్లించావు, ఈల వేయించావు, ఒక్కొక్కదాన్నీ తిరిగి పిలిపించి గూట్లోకి చేర్చావు. ఆయన కళ్లు తెరిచి, ఇంకా ఒకటి రాలేదే అని అడిగాడట. "గది జర సోమరిది మామూ, వస్తది" అన్నావట నువ్వు!

ఒళ్లు కాలిన ఒక ఆడమనిషి పుట్టింటికి పోదామంటే పుట్టింటికి తీసుకెళ్లావు. ఆ రోజు ఇంటికొచ్చి చాయ్ తాగలేదు. మాకు కథ కూడా చెప్పలేదు.

మరి యాడికీ వద్దు అన్నవాళ్లను ఏం చేస్తావని నేనే అడిగాను, గుర్తుందా? నువ్వు గ్లాసు కింద పెట్టి నవ్వావు. "యాడికీ వద్దంటే నాతోని పా అంట. నా డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోతున్న, జర తోడు రా అంట. యాడికీ పోబుద్ధి గానోడు గూడ, ఇంకొకరికి తోడు రమ్మంటే వస్తడు బిడ్డా."

ఆ మాట అప్పుడు నాకు కథలో ముక్క. అంతే.

డాక్టరమ్మకు ఓపిక ఎక్కువ. నా భయం చూసి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలు చాలా ఉన్నాయట. నేను అన్నాళ్లూ మింగిన మాత్రలు సెరటోనిన్ లాంటి వాటి మీద పనిచేసేవి, వాటిది నిదానం. కెటమిన్ దారి వేరు. అది గ్లుటమేట్ అనే దాని జోలికి వెళుతుంది. మెదడులో అన్నిటికంటే ఎక్కువ కబుర్లు మోసేది అదేనట. ఆ కబురు అందుకునే తలుపుల్లో ఒక రకాన్ని ఈ మందు కాసేపు మూసేస్తుందట.

తలుపు మూస్తే మనిషి లేవడమేంది? అదే అడిగాను. మన నయాపూల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెడితే బండ్లు ఎలా ఆగుతాయో, మెదడులో అలా ఆపే కణాలు కొన్ని ఉంటాయట. మందు ముందు వాటిని పక్కకు తప్పిస్తుందని, ఆగిన గ్లుటమేట్ ఒక్కసారిగా కదులుతుందని, ఆ కదలికతో కణాలను పెంచే ఒక ప్రోటీన్ ఊరుతుందని, దిగులుకు ముడుచుకుపోయిన కణాల కొమ్మలకు మళ్లీ చిన్న చిన్న మొలకలు వస్తాయని చెప్పింది. ఎలుకల్లో చూశారట. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని అనుకుంటున్నారట గానీ, పూర్తిగా తేలలేదని కూడా దాచకుండా చెప్పింది. అందరికీ పనిచేయదని, పనిచేసినా ఎక్కువ రోజులు నిలవకపోవచ్చని, బయట సరదాకు వాడినవాళ్లు అలవాటు పడి ఒళ్లు గుల్ల చేసుకుంటారని, అందుకే ఆసుపత్రిలో తప్ప ఇవ్వరని... అన్నీ చెప్పింది. తెలియనిది తెలియదని చెప్పిన చోటే ఆమె మీద నాకు గురి కుదిరింది. నువ్వూ అంతే కదా?

సరేనన్నాను. కానీ సుజాతకు ఒక మాట చెప్పాను. ఇది కూడా పనిచేయకపోతే ఇంకొకటి ప్రయత్నించే ఓపిక నాకు లేదని. ఆమె ముఖం చూడలేక నేనే తల తిప్పుకున్నాను.

చాదర్‌ఘాట్ అవతల చిన్న ఆసుపత్రి. మధ్యలో తెర, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. కుర్చీ అంటే వెనక్కి వాల్చేది. చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు. నర్సు చిన్నపిల్ల, మంచి పిల్లే. మెల్లగా సూది పెట్టి, కళ్లు మూసుకుని ఏదైనా మంచి చోటు తలుచుకోమంది.

కళ్లు మూసుకున్నాను. మంచి చోటు... ఏది?

ఒక్కటి కూడా రాలేదు చిన్నమ్మా. పెళ్లయిన కొత్తలో సుజాతతో వెళ్లిన సముద్రం తలుచుకున్నా, వద్దనిపించింది. లావణ్య పుట్టిన రోజు... వద్దనిపించింది. ఎక్కడికీ పోవాలని లేదు. నా జబ్బు ఏమిటో అప్పుడు అర్థమైంది నాకు. ఎవరైనా చెవి దగ్గర వంగి యాడికి పోదామని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క ఊరి పేరు కూడా లేదు. మందు చుక్క చుక్కగా దిగుతోంది. గోడలు కరిగిన ఆయనే గుర్తొచ్చాడు.

అప్పుడు వినిపించింది నీ మాట. దయ్యంలా కాదులే, భయపడకు! జ్ఞాపకంలోనే. "నా డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోతున్న, జర తోడు రా."

వచ్చాను. నీకు తోడు కదా, ఎలా రాను?

దవాఖాన గేటు దాటాం. నీ భుజానికి ఆ నల్ల సంచి. నయాపూల్ మీద నడిచాం. వంతెన సాగుతూనే ఉంది, ఎంత నడిచినా అవతలి ఒడ్డు రాదు. నా కాళ్లు నావి కావు, ఎవరివో నడుస్తున్నాయి. మూసీ కంపుకు నువ్వు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నావు. జామకాయల బండి దగ్గర ఆగి బేరం మొదలుపెట్టావు. అది తెగేలా లేదు. నాకు నవ్వొచ్చింది. షేర్ ఆటో ఎక్కాం. చంచల్‌గూడ పోయింది, సైదాబాద్ పోయింది, ఆటో నేల మీద ఉందో గాలిలో ఉందో తెలియదు, అయినా భయం లేదు. నువ్వు పక్కనే ఒరుసుకుని కూర్చున్నావు. నీ చీర కొంగున స్పిరిట్ వాసన. మన గల్లీ వచ్చింది. మన గేటు వచ్చింది...

కళ్లు తెరిస్తే నర్సు పిల్ల బీపీ చూస్తోంది. నా చెంపలు తడిసి ఉన్నాయి. నెలల తర్వాత కన్నీళ్లు. ఎంత హాయిగా ఉందో!

వెంటనే అద్భుతం జరిగిందని చెప్పను. ఆ రోజంతా తూలుతూనే ఉన్నాను. మరునాడు మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకుని ఆగిపోయాను. ఈ పప్పు నూడుల్స్ బండి రుచి వస్తోందేమిటని అడిగాను.

అంతే. సుజాత నన్నే చూస్తోంది. లావణ్య వాళ్ల నానమ్మను చూస్తోంది. మీ అక్క గోడను చూస్తోంది!

సంగతేమిటంటే, గ్లుటమేట్ అన్న పేరు నేను ఇంట్లో చెప్పినప్పుడు లావణ్య, నూడుల్స్ బండ్లలో వేసే టేస్టింగ్ సాల్ట్‌లో ఉండేది కూడా అదే కదా అందట. అమ్మ చెవిన పడింది. నా కొడుకు మెదడులో ఏది కదలడం లేదో అది కిరాణా కొట్లో దొరుకుతుంటే, ఆసుపత్రికి పోవడమెందుకనుకుంది. ఎవరికీ చెప్పకుండా పప్పులో, పచ్చిపులుసులో, చివరికి మజ్జిగలో కూడా చిటికెడు చిటికెడు వేస్తూ వచ్చింది. ఇల్లంతా లొట్టలేసుకుని తిన్నారు. పాస్టరు గారు కూడా పచ్చిపులుసు రెండోసారి వడ్డించుకున్నారు. ఎవరి కోసం వేసిందో వాడికి మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ రోజు దాకా.

దొంగతనం బయటపడ్డందుకు అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత, నేను రుచి చెప్పానన్న సంగతి ఆమెకు తట్టింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను నవ్వాను చిన్నమ్మా. పొలమారేలా నవ్వాను. సుజాత నా నెత్తి మీద తడుతూ తానూ నవ్వింది. నువ్వుంటే ఏమనేదానివి? "మా అక్కకు నర్సు నౌకరీ ఇయ్యాలె" అని ఎన్నిసార్లు ఆటపట్టించలేదు...

డాక్టరమ్మకు చెబితే కళ్లజోడు తీసి మరీ నవ్వింది. తిన్నది అలా మెదడులోకి చేరదట. మెదడులో దానికి కరువు లేదు, కదలికే లేదు అంది. అమ్మ చేతి వంట మానొద్దు గానీ ఆ ఉప్పు మాత్రం ఆపమంది.

ఆ సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తున్న సుజాతను అడిగాను, ఎక్కడికైనా పోదామా అని. ఆమె బట్టలన్నీ అలాగే భుజం మీద వేసుకుని నా దగ్గరికొచ్చింది. గోకుల్ చాట్ కాదు, గోల్కొండ కాదు, మన గల్లీ చివర మిర్చి బండి దాకా వెళ్లాం. మాకు అదే తీర్థయాత్ర.

అలాగే నిలిచిపోలేదు, అది కూడా చెప్పాలి. కొన్ని రోజులకు మళ్లీ మబ్బు పట్టింది. మళ్లీ కుర్చీ, మళ్లీ సెలైన్. వరుసగా కొన్ని సిట్టింగులు, ఆ తర్వాత ఎడం పెంచారు. మాత్రలు మానలేదు. డాక్టరమ్మతో కూర్చుని మాట్లాడటం మానలేదు. చెడ్డరోజు ఇప్పటికీ వస్తుంది. కానీ రాగానే ఇంట్లో చెప్పేస్తున్నాను. ఖాదర్ భాయ్‌కి కూడా చెప్పాను. ఆయన తన తమ్ముడికీ ఇలాగే ఉందని చెప్పి, డాక్టరమ్మ నంబరు అడిగి తీసుకున్నాడు. కుర్చీలో వాలిన ప్రతిసారీ నీతోనే ఇంటికొస్తున్నాను. జామకాయల బేరం ఇంతవరకూ తెగలేదు.

నిన్ను చూసి మురిసిపోతున్నాను చిన్నమ్మా. నీకు ఈ గ్లుటమేట్ సంగతులు తెలియవు. నువ్వు పనిచేసిన రోజుల్లో ఈ మందు దిగులుకు పనికొస్తుందని నీకెవరూ చెప్పలేదు. అయినా ఆ మందులోకి దిగే మనిషి ఒంటరిగా దిగకూడదని నీకు తెలుసు. ఎంతమంది చెవుల్లో మాట్లాడి ఉంటావు? వాళ్లెవరికీ నీ ముఖం కూడా గుర్తుండదు, మాస్కులో కళ్లు తప్ప. దానికి నువ్వెప్పుడైనా చిన్నబుచ్చుకున్నావా?

నీ చివరి రోజున నేనే నీ చెవి దగ్గర వంగాను. ఊపిరి అందక ఎగపోస్తున్నావు. యాడికి పోదాం చిన్నమ్మా అని అడిగాను. పావురాల దగ్గరికి అంటావో, ప్రభువు దగ్గరికి అంటావో అనుకున్నాను. నువ్వు నన్ను కసురుకున్నావు. "డ్యూటీకి. పా, లేటయితుంది."

ఆ మాటకు అప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొన్న ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నా వంతు కోసం కుర్చీలో కూర్చున్నాను, ఇంకా సూది పెట్టలేదు. తెర అవతల మన లావణ్య వయసు పిల్ల. మొదటిసారి. తండ్రి బయట బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నర్సు పిల్ల ఆమెకూ సూది పెట్టి, మంచి చోటు తలుచుకోమని చెప్పింది. ఆ పిల్ల వెక్కుతూ ఏమీ రావడం లేదంటోంది. ఎక్కడికీ పోవాలని లేదంటోంది. ఆ గొంతు నాకు తెలుసు చిన్నమ్మా. అది నా గొంతే.

నర్సును అడిగాను, నేనొక మాట చెప్పొచ్చా అని. ఆమె ఆ పిల్లను అడిగింది. పిల్ల సరేనంది. తెర తీయకుండా ఇటు నుంచే, నువ్వెలా అనేదానివో అలాగే అన్నాను. "నా డ్యూటీ అయిపోయింది బిడ్డా, ఇంటికి పోతున్న. జర తోడు రా."

వెక్కుతూనే ఊఁ అంది.

దవాఖాన గేటు నుంచి మొదలుపెట్టాను. వంతెన, మూసీ, ముక్కుకు కొంగు, జామకాయలు. బేరం దగ్గర ఆ పిల్ల చిన్నగా నవ్వినట్టుంది. ఆటో ఎక్కించాను. చంచల్‌గూడ, సైదాబాద్, మన గల్లీ. గేటు దాకా తెచ్చాను. అప్పటికి మాట ముద్దముద్దగా వస్తోంది ఆ పిల్లకు. ఇంట్లో ఎవరున్నారని అడిగింది.

మా చిన్నమ్మ ఉందని చెప్పాను. ఇప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చాయ్ పెడుతోందని చెప్పాను.

అబద్ధమా చిన్నమ్మా అది?

వచ్చే నెల మళ్లీ నా వంతు. కాస్త ముందుగానే వెళ్లి కూర్చుంటాను. ఎవరైనా యాడికీ వద్దంటే, నీ దారి నాకు కంఠతా వచ్చు.

గేటు గొళ్లెం తీసి ఉంచు.

నీ ప్రభా